పైడితల్లి తొడుక్కున్న నీలం చొక్కా

కశింకోట నుంచి షేర్ ఆటోలో కొండ వైపు పోతే, రోడ్డు అయిపోయే చోట ఒక పాలెం ఉంది. ఆ పాలెంలో పైడితల్లి నోరంటే కుక్కలకి కూడా జడుపే. ఆమె వీధిలో నడిచి వస్తుంటే అరుగుల మీద మగాళ్లు చుట్టలు ఆర్పేసి, ఏదో పని గుర్తొచ్చినట్టు లేచిపోయేవారు. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు పెద్దలు. ఊరు ఎలాగూ మంచిది కాదు, నా నోరొక్కటీ మంచిదై ఏం చెయ్యాలని పైడితల్లి వాదన. మొగుడు ఎర్రయ్య మెత్తని మనిషి. పెళ్లయిన కొత్తలో ఒకసారి పెళ్లానికి ఎదురు చెప్పాడని అంటారు గానీ, చూసినవాళ్లెవరూ లేరు.

వాళ్లకి సొంత భూమి లేదు. అనకాపల్లి బెల్లం మార్కెట్లో కొట్టున్న చంద్రమౌళి చేను ఒకటి కౌలుకి తీసుకుని చెరుకు పండిస్తారు. చేను సరిగ్గా కొండ పాదాన ఉంది. ఒకప్పుడు ఆ కొండ కింద ఎటు చూసినా చెరుకే. కోతుల బాధ పడలేక రైతులు ఒక్కొక్కరే చెరుకు మానేసి సరుగుడు మొక్కలు పాతేశారు. సరుగుడికి కూలీల ఖర్చు తక్కువ, కాపలా అక్కర్లేదు, కోతి దాన్ని ముట్టదు. చివరికి మిగిలిన చెరుకు పైడితల్లిదొక్కటే అయింది. కొండ మీది కోతులన్నింటికీ వడ్డించిన విస్తరి కూడా అదొక్కటే అయింది.

మొలక వేసిన రోజుల్లోనే చంద్రమౌళి బండి మీద వచ్చి, చేను గట్టున నిలబడి తేల్చి చెప్పేశాడు.

"ఇదిగో పైడితల్లీ, తరవాత నన్ననకు. ఈ ఏడు బెల్లం సరిగ్గా దిగిందా, చేను నీదే. కిందటేడులాగ కోతుల ఎంగిలి మిగిలిందా, నేను కూడా సరుగుడు వేసేత్తాను."

"సరుగుడేసుకుని ఏటి సేత్తారు బాబూ, నముల్తారా?" అంది పైడితల్లి. "నా సెరుకు మీద సెయ్యెయ్యమనండి కోతిని, సూత్తాను."

అన్నట్టే చూసింది. పొద్దు పొడవక ముందే చద్దిమూకుడు, వడిసెల పట్టుకుని చేలోకి పోయేది. చీకటి పడ్డాకే ఇల్లు. రాయి పెట్టి వడిసెల తిప్పిందంటే చింతకొమ్మ చివరున్న కోతి కిందికి దూకాల్సిందే. దానికి తోడు రేకుడబ్బా మోత, ఆ మోతని మించిన తిట్లు. శనివారం మాత్రం గుడి దగ్గర ఆంజనేయస్వామికి దణ్ణం పెట్టి, అవే కోతులకి దోసెడు శనగలు పోసేది. ఆదివారం మళ్లీ రాయి. ఇదేం భక్తే అని ఎవరైనా ఎకసెక్కమాడితే, "గుడికాడ సామి, సేలోకొత్తే దొంగ. దొంగని కొట్టకుండా ముద్దెట్టుకోమంటావేటి?" అనేది. ఆ కాపలా ఊరికే పోలేదు. వానలు పడేనాటికి కోతులు ఆమె చీర చెంగు కనబడితే చాలు, కొండెక్కేసేవి.

అదిగో, సరిగ్గా అప్పుడు దిగింది ఆ హాలెండు దొరసాని.

పేరు మరీకా. కోతుల మీద చదువు. ప్రభుత్వం దగ్గర అనుమతి కాగితాలు తెచ్చుకుని, వానల చివర్నుంచి మాఘం దాకా ఆ కొండ మీది మందని చూడ్డానికి వచ్చింది. పాలెంలో ఒక డాబా ఇల్లు అద్దెకి తీసుకుంది. మాట సాయానికి అనకాపల్లి నుంచి జువాలజీ చదివిన ధనశ్రీ అనే పిల్లని పెట్టుకుంది. పాలెం వాళ్లు దొరసానికి కోతులమ్మ అని పేరు పెట్టేశారు. ఏ రోజు చూసినా ఒకటే వేషం. నీలం చొక్కా, వెడల్పు టోపీ, మూతికి తెల్ల మాస్కు. రోజూ అదే కనబడితే కోతులు గుర్తుపట్టి త్వరగా అలవాటు పడతాయట. అలాంటివే రెండు జతలు తెచ్చుకుంది.

మొదటి రోజే గొడవ. పైడితల్లి వడిసెల తిప్పుతోంది. దొరసాని గట్టు మీద నుంచి పరుగున వచ్చి, రెండు చేతులూ అడ్డంగా ఊపింది. వెనక ధనశ్రీ రొప్పుతూ వచ్చింది.

"అత్తా, కొంచెం ఆగు. మేడం ఉన్నప్పుడు రాళ్లు వెయ్యొద్దంటున్నారు. వాటికి మనుషులంటే భయం పోవాలంట. అప్పుడే వాటి అసలు బుద్ధేంటో తెలుస్తుందంట."

"అసలు బుద్ది నన్నడగమను, సెప్తాను. దొంగబుద్ది. రాసుకుని ఎల్లిపొమ్మను."

"అలా కాదత్తా..."

"ఎలాగే మరి? బయం పెట్టడానికి నాను ఇన్నాళ్లు గొంతు సించుకున్నాను. బయం పోగొట్టడానికి ఇదొచ్చిందా? ముందు ఆ మూతిగుడ్డ తీసి మాటాడమను. మన కంపు దానికి పడదేటి?"

మాస్కు కంపుకి కాదు, మనుషుల రొంప కోతులకి అంటకుండా అని ధనశ్రీ చెప్పింది. చెప్పకపోయినా బావుండేది. అంటే కోతి ఆరోగ్యం కోసం మూతి కట్టుకుందా, నా చెరుకు కోసం ఎవరు ఏం కట్టుకున్నారని పైడితల్లి ఇంకా రెచ్చిపోయింది. ఆ రోజు తిట్టిన తిట్లు దొరసాని దేశం దాకా వినబడి ఉండాలి.

దొరసాని కూడా తక్కువదేం కాదు, మొండిఘటం. మర్నాడు మళ్లీ వచ్చింది. ఆ మర్నాడూ వచ్చింది. కోతులకి అల్లంత దూరంలో కూర్చుని, కదలకుండా, మెదలకుండా, వాటి వైపు సూటిగా కూడా చూడకుండా ఉండేది. మొదట్లో పారిపోయేవి. తర్వాత దూరంగా కూర్చునేవి. కార్తీకం వచ్చేసరికి ఆమె బూట్ల పక్కనే పిల్లకోతులు దొర్లేవి. ఆమె వెంట చేను గట్టు దాకా దిగేవి. నీలం చొక్కా పక్కనుంటే రాయి పడదని వాటికి తెలిసిపోయింది. చొక్కా మనిషి ఏం చెయ్యదు కాబట్టి చీర మనిషి కూడా ఏం చెయ్యదని అనుకున్నాయేమో, పైడితల్లి డబ్బా వాయిస్తుంటే మందలో పెద్ద గండుకోతి గట్టున తీరిగ్గా కూర్చుని, విరిచిన చెరుకుగడ పళ్లతో చీలుస్తూ ఆమె మొహంలోకి చూసింది. రాయి విసిరితే నాలుగడుగులు పక్కకి జరిగింది. అంతే. అది చూసి పైడితల్లికి ఏడుపొచ్చింది. కోపం పట్టలేక వచ్చిన ఏడుపు. గట్టు మీద కూలబడి, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. తన కష్టమంతా ఆ మూతిగుడ్డది బూడిదలో పోసిన పన్నీరు చేసిందని ఆమెకి మంట. అది అబద్ధం కూడా కాదు.

ఊరి పెద్దల దగ్గరికి పోయింది. కాగితాలున్నాయి, మనమేం చెయ్యలేమన్నారు. దొరసాని గడప ముందు నిలబడి శాపనార్థాలు పెట్టింది. దొరసాని కిటికీ తలుపు వేసుకుంది. ఎర్రయ్య మాత్రం, "ఓలె, ఆవిడికి మంచిగా సెప్పుకుంటే..." అని మొదలెట్టి, పెళ్లాం చూపు చూసి మిగతాది మింగేశాడు.

మార్గశిరంలో ఒక మధ్యాహ్నం, దొరసాని ధనశ్రీని తీసుకుని ఏదో పని మీద అనకాపల్లి పోయింది. డాబా ఇంటి దండెం మీద రెండో జత ఆరేసి ఉంది. చొక్కా, టోపీ, కడిగిన మాస్కు, అన్నీ వరసగా. పైడితల్లి అటుగా పోతూ ఆగింది. చాలాసేపు వాటికేసి చూసింది. కోతికి గుర్తున్నది ఆ మనిషి మొహం కాదు, ఈ గుడ్డలే కదా అన్న మాట ఆమె బుర్రలో తళుక్కుమంది.

చుట్టూ ఎవరూ లేరు. దండెం మీంచి అన్నీ లాగి చంకన పెట్టుకుని చేలోకి పోయింది. చీర కుచ్చిళ్లు పైకి దోపి, పైన చొక్కా తొడిగింది. ఎత్తుకి ఎత్తు సరిపోకపోయినా ఒడ్డుకి సరిపోయింది. జుట్టు టోపీలో కుక్కింది. మాస్కు కట్టింది. కోతుల కోసమని చేలో దాచిన దీపావళి టపాకాయలు జాకెట్లోనూ, కర్ర చొక్కా వెనకా దోపుకుంది. కోతులు చింతచెట్ల నీడన పేలు చూసుకుంటూ ఉన్నాయి. నీలం చొక్కాని చూసి ఒక్కటీ లేవలేదు. పిల్లకోతులు రెండు ఎదురు కూడా వచ్చాయి.

పైడితల్లి దగ్గరికంటా పోయింది. ఎప్పుడూ అంత దగ్గరికి పోలేదు. ఆ గండుకోతి కళ్లలో తనని చూసుకునేంత దగ్గర. అప్పుడు కర్ర తీసింది.

ఆ మధ్యాహ్నం చింతతోపులో జరిగింది చెప్పుకోదగ్గది కాదు. కర్రతో బాదింది, టపాకాయలు వాటి మధ్యకి విసిరింది, తప్పించుకున్నవాటి వెంట రాళ్లతో కొండ సగం దాకా తరిమింది. ఒక తల్లికోతి పిల్లని పొట్టకి కరుచుకుని మూడు కాళ్ల మీద ఎక్కడం చూసింది కూడా. చూసి, "ఎక్కు ముండా, ఎక్కు" అంది. అన్నాక ఆయాసంతో అక్కడే కూర్చుంది.  

మర్నాటి నుంచి ఆమె ఆ వేషంలోనే కాపలా కాసింది. దాచుకోలేదు, దొంగతనమని సిగ్గూ పడలేదు. కోతి గట్టు దాకా కూడా దిగలేదు. గాలికి పడకుండా చెరుకుకి ఆకులతో చుట్టిన జడలు చుట్టినట్టే నిలబడ్డాయి. "ఓలమ్మో, మన పాలెంలో రెండో కోతులమ్మ పుట్టింది" అని ఊరు నవ్వింది. నవ్వుకోండి, బెల్లం దిగిన రోజున అప్పుడు సెప్తాను మీ సంగతి అంది పైడితల్లి. ఆ రోజులంత సుఖంగా ఆమె ఏనాడూ చద్దన్నం తినలేదు.

అక్కడితో అయిపోతే ఈ కథ చెప్పుకునే పనే లేదు. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందని సామెత ఉందే, అది ఇలాంటి తెలివి చూసే పుట్టి ఉంటుంది.

దొరసాని ఉద్యోగం కోతుల్ని చూడ్డం. నాలుగు రోజుల తరవాత అనకాపల్లి నుంచి తిరిగొచ్చి, పొద్దున్నే యథాప్రకారం కొండ ఎక్కింది. నీలం చొక్కా పైన కనబడగానే మంద మొత్తం కీచుమని లేచింది. ఎటు పోతాయి? కొండకి అవతల పక్క క్వారీ, అక్కడ పొద్దస్తమానం పేలుళ్లు. ఇవతలికి దిగాలి. దిగితే ఇక్కడ గట్టు మీద ఇంకో నీలం చొక్కా. ముందు నుయ్యి, వెనక గొయ్యి. రెంటికీ మధ్య, దాక్కుంటే ఏ కంటికీ ఆనని చోటు ఒక్కటే ఉంది. నిలువెత్తుకి మించి పెరిగి, జడలు చుట్టి, పట్టపగలే చీకటిగా ఉండే పైడితల్లి చెరుకు.

ఇదివరకు కోతులు గట్టు వార సాలు మీద పడి, నాలుగు గడలు విరుచుకుని పారిపోయేవి. ఇప్పుడు చేను నడిమధ్యకి పోయి కాపురం పెట్టాయి. భయంతో దూరినవి ఆకలితో తిన్నాయి. పైడితల్లి రాయి విసిరితే ఆకుల మీద పడి జారిపోయేది. సాళ్ల మధ్యకి తానే దూరితే, అవి అటువైపు నుంచి కొండకి ఎక్కేవి. పైన దొరసాని కనబడగానే మళ్లీ దిగేవి. దొరసాని బట్టలు మార్చి కూడా చూసి, లాభం లేక మళ్లీ నీలానికే వచ్చింది. ముసుగు మనిషంటేనే వాటికి గుండెలు జారిపోతున్నాయి. ఎందుకిలా అయిందో ఆమెకి కొన్నాళ్లు అంతుపట్టలేదు. మళ్లీ మొదట్నుంచీ మచ్చిక చేసుకోవాలని ఇంకా పొద్దున్నే ఎక్కేది, పొద్దుగూకేదాకా అక్కడే కూర్చునేది. ఆమె పైన ఎంతసేపు కూర్చుంటే, ఇవి కింద అంతసేపు నమిలేవి. ఎండిన ఆకుల మధ్య నుంచి ఆ పటపట చప్పుడు వింటూ పైడితల్లి గట్టు మీద చొక్కాలో చెమటలు కక్కుతూ నిలబడేది.

చివరికి సంగతి ధనశ్రీ చెవిన పడి, దొరసాని దాకా వెళ్లింది. దండెం మీద పోయిన చొక్కా ఎక్కడుందో పాలెంలో పసిపిల్లాడికి కూడా తెలుసు. కోతులు దూరమయ్యాక గట్టు వైపు రావడం మానేసిన వీళ్లకే తెలీదు. వింటూనే దొరసాని కొండ దిగి, అడ్డదారిన చేలోకి వచ్చింది. మొహం ఎర్రగా కందిపోయింది. మాస్కు లాగి జేబులో కుక్కింది. గట్టు మీద ఇద్దరూ ఎదురెదురుగా నిలబడ్డారు, ఒకే చొక్కాల్లో.

ధనశ్రీ మధ్యలోకొచ్చి ఏదో చెప్పబోయింది. దొరసాని ఆ పిల్లని పక్కకి నెట్టి, తానే తెలుగులో అందుకుంది.

"నీ జిమ్మడిపోను! నీ సేతులిరిగిపోను! నీ సెరుకు మండిపోను, దొంగముండా!"

ఒక్క అక్షరం తప్పు పోలేదు. పోదు మరి. ఆమె ఈ దేశంలో రోజూ చెవులారా విన్న తెలుగు అదొక్కటే. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆ గట్టు మీంచి ఆమెకి పాఠం చెప్పిన పంతులమ్మ ఒకతే.  తన తిట్లు తన మీద పడితే ఎలా ఉంటాయో పైడితల్లికి అంతవరకు తెలీదు. తిట్టి ఊరుకున్నాక దొరసాని ఏడ్చింది. ఏడుస్తూ తన భాషలో చాలా చెప్పింది. ధనశ్రీ తలొంచుకుని తెలుగు చేసింది.

"అత్తా, మూడేళ్లు తిరిగితే ఈ పని దొరికిందంట మేడంకి. అదంతా పోయిందంటున్నారు. తల్లికోతి కాలు విరిగిందంట, నువ్వే కదా చేసేవు? అయినా ఒక మాట చెప్తున్నారు. నువ్వు తప్పయిందని ఒప్పుకుని చొక్కా ఇచ్చేస్తే, గానుగాట అయ్యేదాకా కొండెక్కరంట. పైన మనిషి లేకపోతే కోతులు పైకెళ్లిపోతాయి, నీ చెరుకు నీకు మిగుల్తాది. ఒప్పుకోకపోతే మాత్రం ఆవిడ పని ఆవిడ చేసుకుంటారంట. రోజూ ఎక్కుతారంట."

ఎర్రయ్య గట్టు చివరి నుంచి చూస్తున్నాడు. "ఒక్క మాటే, అనేయవే" అన్నాడు, వినీ వినబడనట్టు. "సేను పోద్దే."

పైడితల్లికి తెలుసు. చేను పోతుందని తెలుసు, తప్పు చేశానని కూడా తెలుసు. ఆ మూడు కాళ్ల కోతి ఆమెకి కళ్లు మూసుకుంటే కనబడుతోంది. చొక్కా మొదటి గుండీ మీద చెయ్యి వేసింది. విప్పుదామనే వేసింది. నోరు తెరిచింది. తెరిచేసరికి ఆ నోటికి పుట్టినప్పట్నుంచీ అలవాటైనదే వచ్చింది.

"నీకు నాను తప్పొప్పుకోవాలా? నా కొండ కిందకొచ్చి, నా కోతుల్ని నా మీదకి ఉసిగొలిపి, నాకే నీతులా? ఎక్కు! ఎంత కొండెక్కుతావో ఎక్కు! నీ కాళ్లిరిగిపోను!"

దొరసానికి ఈసారి తర్జుమా అక్కర్లేకపోయింది. వెనక్కి తిరిగి కొండ వైపు నడిచింది. మర్నాడు చీకటితోనే ఎక్కింది.

చేను రోజురోజుకీ లోపల్నుంచి బోలుగా అయిపోతోంది. కోతులు మొత్తం మింగేయకముందే కొట్టేస్తానంది పైడితల్లి. ఎర్రయ్య బెల్లం వండడంలో చెయ్యి తిరిగినవాడు, పాకం చూడ్డంలో అతని మాటకి పాలెంలో తిరుగులేదు. ఇంకా పచ్చి గడ, రసం కట్టదు, మాఘం దాకా ఆగాలన్నాడు. మాఘం దాకా ఏముంటాదిరా నీ మొహం అని కత్తి తీసుకుని తానే మొదటి గడ నరికింది. గానుగ ఆడారు. పెనంలో పోసి రోజంతా మంట పెట్టారు. పాకం తిప్పి తిప్పి ఎర్రయ్య భుజాలు పడిపోయాయి గానీ, అది జారుగానే ఉంది. దిమ్మలు కట్టి గోనెపట్టా మీద వరసగా పెడితే, పొద్దున్నకి పక్కకి వాలి కూర్చున్నాయి.

చంద్రమౌళి వచ్చాడు.  ఒక దిమ్మ మీద బొటనవేలు పెట్టి నొక్కాడు. వేలు కణుపు దాకా దిగిపోయింది. వేలు తీసి, తుండుగుడ్డకి తుడుచుకుని, బండెక్కాడు. పైడితల్లి వెనకాలే పోయి బతిమాలలేదు. అంత జరిగినా ఆ బుద్ధి మారలేదు.

దొరసాని కూడా గెలవలేదు. కోతులిక దరికి రావని తేలి, మాఘం రాకుండానే సామాను సర్దుకుని పోయింది. ఆటో పాలెం దాటుతుంటే పైడితల్లి గుమ్మంలో నిలబడి చూసింది. 

తొలకరి పడ్డాక చంద్రమౌళి ఆ చేలో సరుగుడు వేయించాడు. మొక్కలు పాతడానికి మేస్త్రి పాలెంలో కూలీలని పిలిస్తే పైడితల్లి కూడా పోయింది. పోకపోతే పొయ్యి వెలగదు. తాను గట్టు వేసిన చేలో, తాను కాలవ తీసిన చేలో, పరాయి మనిషిలా వంగి గుంటకో మొక్క పెట్టింది. పక్కన ఎర్రయ్య. 

ఎండెక్కే వేళకి కోతులు దిగాయి. గట్టు మీద బారుగా కూర్చున్నాయి. గండుకోతి చేలోకి వచ్చి ఒక మొక్క పీకింది. వాసన చూసింది. కొరికి ఉమ్మేసింది. ఇంకో మొక్క పీకలేదు. తిరిగి కొండ దారి పట్టింది. మంద దాని వెనకాల లేచింది.

పైడితల్లి నడుం నిలబెట్టి చూసింది. ఆ చేలోకి కోతి రాకూడదని ఇన్నేళ్లు గొంతు చించుకుంది. ఇక రాదు. ఈ చేలో వాటికేం లేదు, తనకీ ఏం లేదు.  చేతిలో మొక్క అలాగే పట్టుకుని, కొండకి వినబడేలా అరిచింది.

"రండే, దొంగముండల్లారా! ఎక్కడికి పోతన్నారే? రండే!"

ఒక్కటీ వెనక్కి తిరగలేదు. కూలీలు పని ఆపి ఆమెకేసి చూశారు. కానీండి కానీండి, పొద్దెక్కిపోతందని మేస్త్రి కేకేశాడు. ఆమె వంగి మొక్క పాతి, మట్టి అదిమింది.